తవుడు వాసన, నాన్న చెయ్యి

మా నాన్న ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక రైస్ మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా పనిచేశారు. జీతం పద్దులు రాసినందుకు ఇచ్చేవారు గానీ, మిల్లులో ఆయనకి పేరు తెచ్చింది ఆయన ముక్కు. తవుడు బస్తాలు లారీ ఎక్కే ముందు నాన్న వచ్చి పిడికెడు తీసి వాసన చూసేవారు. "ఇది పొద్దుటిది, పంపండి." "ఇది మొన్నటిది, ముక్కిపోయింది, నూనె మిల్లువాళ్ళు వెనక్కి కొడతారు." ఇక దాని మీద ఎవరూ మాట్లాడేవారు కాదు. నేను కేరేజీ తీసుకెళ్ళినప్పుడు నా అరచేతిలోనూ కాస్త పోసి వాసన చూడమనేవారు. కొత్త తవుడు తియ్యగా, పచ్చి గింజలా ఉంటుంది. పాతది గొంతులో గీరుకున్నట్టు ఉంటుంది.

తవుడులో నూనె ఉంటుంది. బియ్యం మర పట్టగానే ఆ నూనె, దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకదానికొకటి తగిలి గంటల్లోనే పాడవడం మొదలవుతుంది. తర్వాత గాలిలోని ఆక్సిజన్ మిగతా పని పూర్తి చేస్తుంది. పలాస జీడిపప్పు డబ్బా మూత సరిగా పెట్టకపోతే పప్పు ముక్కిపోవడం, వాడిన నూనె మళ్ళీ మళ్ళీ కాచినప్పుడు కనరు వాసన రావడం, ఇవన్నీ ఆక్సిజన్ చేసే పనులే. నేను హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. ఆక్సిడేషన్ పాఠం వచ్చినప్పుడల్లా నాన్న తవుడు కథే చెప్పేదాన్ని.

ఒక ఏడాది నాన్న చూసి పంపిన లోడు వెనక్కి వచ్చింది. యజమాని ఏమీ అనలేదు. నాన్న మాత్రం ఇంటికొచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్ళి, ఇంగువ డబ్బా మూత తీసి, ముక్కుకి ఆనించుకుని చాలాసేపు నిలబడ్డారు. "ఏటీ తెలీట్లేదమ్మా" అన్నారు. జలుబు అనుకున్నాం. ఆవిరి పట్టించాం.

నాలుగేళ్ళ తర్వాత ఒక ఆదివారం అమ్మ అటక మీది పాత ఖాతా పుస్తకాలు దించి సర్దుతూ నన్ను కేకేసింది. నాన్న ఒడియా వ్యాపారుల పేర్లు ఒడియాలోనే, మనవాళ్ళ పేర్లు తెలుగులో రాసేవారు. రెండు లిపుల్లోనూ గుండ్రటి, నిండైన అక్షరం. ఆఖరి రెండేళ్ళ పుస్తకాల్లో ఆ అక్షరాలు చిక్కిపోయాయి. వరుస మొదట్లో బఠాణీ అంత ఉన్న అక్షరం వరుస చివరికి ఆవగింజంత అయిపోయింది. మళ్ళీ కొత్త వరుసలో కాస్త పెద్దగా మొదలై, మళ్ళీ సన్నబడింది. పేజీ అంతా అలాగే. ఆ పక్కనే కుర్చీలో కూర్చున్న నాన్న కుడి బొటనవేలు, చూపుడువేలు ఒకదాని మీద ఒకటి కదులుతున్నాయి, వేళ్ళ మధ్య బియ్యపు గింజ పెట్టి నలుపుతున్నట్టుగా.

గుణుపూర్ నుంచి వచ్చే విశాఖ పాసింజర్ ఎక్కాం. మా రేషన్ కార్డు ఒడిశాది, ఆంధ్ర ఆరోగ్యశ్రీ మాకు వర్తించలేదు. అయినా ఈ ఊళ్ళో తెలుగువాళ్ళం బరంపురం కంటే వైజాగ్‌కే ఎక్కువ వెళతాం, డాక్టరుతో మన మాటలో చెప్పుకోవచ్చని. డాక్టరుగారు నాన్నని నడిపించారు, వేళ్ళు టకటకా కొట్టమన్నారు, ఒక వాక్యం రాయమన్నారు. పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు అన్నారు. వాసన ఎప్పటి నుంచి తెలియట్లేదని ఆయనే అడిగారు. నిద్రలో కేకలు పెడతారా, మలబద్ధకం ఉందా అని కూడా. అన్నీ ఉన్నాయి. చెయ్యి వణకడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఈ జబ్బు ఇలాంటి గుర్తులు చూపిస్తుందట. అంటే నాన్న ఇంగువ డబ్బా పట్టుకుని నిలబడ్డ రోజుకే అది ఇంట్లోకి వచ్చేసింది.

లెవోడోపా, కార్బిడోపా కలిసిన గోలీ రోజుకి మూడుసార్లు రాశారు. నెలరోజుల్లో నాన్న చొక్కా గుండీలు మళ్ళీ తానే పెట్టుకున్నారు.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ తర్వాత జరిగినదాని గురించి. మందుల షాపులో ఒకాయన, చీటీ చూసి, ఇది వణుకు ఆపుతుంది గానీ జబ్బుని ఆపదు, అసలు కారణం ఆక్సిడేటివ్ స్ట్రెస్, దానికి ఇవి వాడండి అని ఒక పెట్టె చేతిలో పెట్టాడు. కోఎంజైమ్ క్యూ10, విటమిన్ ఇ, లైకోపీన్, ఇంకా ఏవేవో కలిపిన క్యాప్సూల్స్. నెలకి రెండు వేల మూడు వందలు. ఇంకెవరైనా అయితే బేరమాడేవారేమో. నేను ఆడలేదు. ఆ మాట నాకు తెలుసు. తవుడు ముక్కిపోకుండా ఆపే పదార్థాల్లో విటమిన్ ఇ ఒకటి, అది తవుడులోనే ఉంటుంది కూడా. మెదడులోనూ కొవ్వు ఉంటుంది, ఆక్సిజన్ ఉంటుంది. లెక్క సరిపోయింది. పద్నాలుగు నెలలు కొన్నాను.

ఆ లెక్కలో సరైనదేదో, తప్పినదేదో చెబుతాను. ఎందుకంటే సరైనది చాలా ఉంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ కల్పితం కాదు.

మన ఒంటి బరువులో మెదడు 2 శాతం. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడా మనం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. కణం లోపల మైటోకాండ్రియాలు ఆ ఆక్సిజన్‌తో, కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారుచేస్తాయి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1929లో కండరం నుంచి వేరుచేసిన పదార్థమే ఇది. ఈ తయారీలో ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ వెళ్ళి చివర ఆక్సిజన్‌ని చేరాలి. కొన్ని మధ్యలోనే జారి ఆక్సిజన్‌కి తగులుకుంటాయి. అప్పుడు పుట్టేది సూపర్ ఆక్సైడ్. అదీ, దాని నుంచి పుట్టేవీ పక్కనున్న కొవ్వుని, ప్రోటీన్‌ని, డీఎన్ఏని కొరుకుతాయి. కణానికి కాపలా కూడా ఉంది. సూపర్ ఆక్సైడ్‌ని విరగ్గొట్టే ఎంజైముని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ కనిపెట్టారు. దాంతోపాటు కాటలేజ్, గ్లూటాతయోన్ ఉన్నాయి. ఇలా కొరికే వాటిని రాడికల్స్ అంటారు, అవి ఎక్కువై కాపలా చాలకపోతే, ఆ తేడానే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు.

పార్కిన్సన్స్‌లో చచ్చిపోయే కణాలు సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట ఉంటాయి. మెదడులోని సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో ఇవి కొన్ని లక్షలు మాత్రమే. కానీ ఒక్కో కణం ఎంత పెద్ద కాపురం మోస్తుందో చూడండి. దాని కొమ్మలు సాగి సాగి కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని లక్షల చోట్ల అందిస్తాయి. అంత పనికి అంత శక్తి కావాలి, అంత శక్తికి అన్ని ఎలక్ట్రాన్లు కదలాలి, జారేవి కూడా అన్నే. పైగా డోపమైనే ఆక్సిడేషన్‌కి తొందరగా లొంగే పదార్థం, ఆ చోట ఇనుము కూడా ఎక్కువ. కోసిన వంకాయ నల్లబడినట్టు, డోపమైన్ ఆక్సీకరణతోనే పుట్టే నల్లటి పదార్థం అక్కడ పేరుకుని ఆ భాగానికి నల్లరంగు ఇస్తుంది. పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ళ మెదడు కోసి చూస్తే ఆ నలుపు వెలిసిపోయి ఉంటుంది. ఆ రంగున్న కణాలు పోయాయి కాబట్టి.

దీనికి గట్టి సాక్ష్యం 1982లో కాలిఫోర్నియాలో దొరికింది. దొంగచాటుగా తయారైన మత్తుమందు ఎక్కించుకున్న కుర్రాళ్ళు కొందరు కొద్దిరోజుల్లోనే ముసలి పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. విలియం లాంగ్‌స్టన్ బృందం ఆ మందులో ఎంపీటీపీ అనే మలినం ఉందని పట్టుకుంది. అది మెదడులో మారి, డోపమైన్ కణాల్లోకే దూరి, మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు చేతులు మారే వరుసలో మొదటి మెట్టుని బిగించేస్తుంది. 1989లో పార్కిన్సన్స్ రోగుల మెదడులోనూ అదే మెట్టు బలహీనపడి ఉందని తేలింది. 2000లో ఎలుకలకి రొటెనోన్ అనే పురుగుమందు ఇచ్చి అవే లక్షణాలు తెప్పించారు.

ఇంతవరకూ షాపాయన మాటలో నిజం ఉంది. తర్వాతి అడుగే తప్పు. నిప్పు ఉంది కాబట్టి ఈ నీళ్ళు పోస్తే ఆరుతుంది అనడం.

పోసి చూశారు. ఒకసారి కాదు. అమెరికా, కెనడాల్లో 800 మంది కొత్త పార్కిన్సన్స్ రోగులతో చేసిన ట్రయల్‌లో, అంటే మందు పనిచేస్తుందో లేదో రోగులతో పోల్చి చూసే పరీక్షలో, రోజుకి 2000 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. 1993లో ఫలితం వచ్చింది. జబ్బు ముదిరే వేగం ఏమాత్రం తగ్గలేదు. కోఎంజైమ్ క్యూ10 మీద అంతకంటే ఆశపడ్డారు, అది నేరుగా మైటోకాండ్రియాలోనే పనిచేసే పదార్థం కాబట్టి. 600 మందికి రోజుకి 1200, 2400 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. నా చేతిలోని పెట్టెలో ఉన్నది ఒక్కో క్యాప్సూల్‌కి వంద మిల్లీగ్రాములు. లాభం వచ్చే సూచన లేదని ఆ ట్రయల్ మధ్యలోనే ఆపేశారు, 2014లో ప్రచురించారు. రక్తంలో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్, అంటే ఆక్సిడేషన్‌కి అడ్డం పడే పదార్థం, యూరిక్ యాసిడ్. దాన్ని పెంచి చూసిన 298 మంది ట్రయల్ కూడా 2021లో అలాగే ముగిసింది.

మతిమరుపు జబ్బు అల్జైమర్స్‌లో కథ కొంచెం వేరు, దాన్ని దాచను. 2014లో 613 మంది మాజీ సైనికుల మీద చేసిన ట్రయల్‌లో ఎక్కువ మోతాదు విటమిన్ ఇ తీసుకున్నవాళ్ళు సొంత పనులు చేసుకునే శక్తిని కాస్త నెమ్మదిగా పోగొట్టుకున్నారు. జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. జబ్బు రాకముందే వాడితే రాకుండా ఆగుతుందా అంటే, 2017లో వచ్చిన పెద్ద ట్రయల్ లేదనే చెప్పింది. ఇక విటమినే కదా, హాని ఏముంది అనేవాళ్ళకి ఒక లెక్క. అమెరికాలో 35 వేల మందికి పైగా మగవాళ్ళతో చేసిన ట్రయల్‌లో రోజుకి 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్నవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది.

సీసాలో పనిచేసింది మనిషిలో ఎందుకు పనిచేయదు? నన్ను చాలారోజులు వదలని ప్రశ్న ఇది. నూనె సీసా ఊరికే కూర్చుని ఉంటుంది. దాన్లో విటమిన్ ఇ కలిపితే అది ఆక్సిజన్‌కి అడ్డం పడుతుంది, అంతే. కణం అలా కూర్చోదు. కాసిన్ని రాడికల్స్ దానికి కబురు. అవి పెరిగితేనే సొంత కాపలాని పెంచుకుంటుంది. 2009లో జర్మనీలో కుర్రాళ్ళకి వ్యాయామంతోపాటు విటమిన్ సి, ఇ ఇచ్చి చూస్తే, వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేయడం అనే మేలు రాకుండా పోయింది. బయటి నుంచి పోసిన నీళ్ళు కబురుని కూడా ఆర్పేశాయి. పైగా రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న గోడ అన్నిటినీ లోపలికి రానివ్వదు. అన్నిటికంటే ముఖ్యం సమయం. చెయ్యి వణికే నాటికి సబ్‌స్టాన్షియా నైగ్రా కణాల డోపమైన్ అందించే కొసలు సగానికి పైగా పోయి ఉంటాయి. తవుడు ముక్కిపోయాక దాన్లో ఏం కలిపినా కొత్తది కాదని మిల్లులో కూలి కుర్రాడికి కూడా తెలుసు.

ఇంకో సంగతి, ఇది తెలిశాకే నేను నిజంగా ఆ పెట్టె పక్కన పెట్టాను. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. 1993లో దానికి కారణమైన ఒక జన్యువు దొరికింది. అది ఏ ఎంజైముదో తెలుసా? సూపర్ ఆక్సైడ్‌ని విరగ్గొట్టే ఆ కాపలా ఎంజైముదే. ఇంతకంటే సూటి రుజువు ఏం కావాలి అనిపిస్తుంది. కాపలా పడిపోయింది, ఆక్సిజన్ నరాన్ని కొరికేసింది అని. ఎలుకల్లో చూస్తే తిరగబడింది. ఆ ఎంజైము పూర్తిగా తీసేసిన ఎలుకలకి ఏఎల్ఎస్ రాలేదు. సొంత ఎంజైము బాగా పనిచేస్తూనే, మనుషుల్లోని ఆ లోపమున్న జన్యువు అదనంగా పెట్టిన ఎలుకలకి వచ్చింది. తప్పు కాపలా తగ్గడంలో లేదు. ఆ ప్రోటీన్ వంకరగా మడతపడి తానే విషంగా మారడంలో ఉంది. అందుకే 2023లో అమెరికాలో అనుమతి పొందిన టోఫర్సెన్ అనే మందు ఆ ఎంజైముని పెంచదు, తయారీనే తగ్గిస్తుంది. ఆక్సిడేషన్ కనిపించిన ప్రతిచోటా అదే దొంగ అనుకోకూడదు. ఒక్కోసారి అది ఇల్లు కాలాక వచ్చే పొగ.

డబ్బు పోయినందుకు నాకు అంత బాధ లేదు. రెండో ఏడు జరిగింది వేరే. మా బంధువొకాయన, నాన్న అంటే ప్రాణం ఆయనకి, ఎక్కడో విని వచ్చి చెప్పారు. ఆ లెవోడోపా మెదడులో డోపమైన్‌గా మారుతుంది, డోపమైన్ ఆక్సిడైజ్ అయి ఉన్న కణాల్ని కూడా తినేస్తుంది, వీలైనంత తగ్గించండి, క్యాప్సూల్స్ మీద నడపండి అని. ఇది ఆయన సొంత కల్పన కాదు. ఒకప్పుడు డాక్టర్లు కూడా అదే భయంతో లెవోడోపా మొదలుపెట్టడం ఆలస్యం చేసేవారు. కెమిస్ట్రీ ప్రకారం వినడానికి సబబుగానే ఉంది. మేం మధ్యాహ్నం గోలీ మానేశాం. డాక్టరుగారికి ఫోన్ చెయ్యలేదు.

మూడో వారంలో నాన్న పెరటి గుమ్మం దగ్గర ఆగిపోయారు. పాదాలు నేలకి అతికించినట్టు. నడుము పైభాగం ముందుకి వెళుతోంది, కాళ్ళు రావట్లేదు. "కదలట్నేదమ్మా" అని ఒక్క మాట అని గడప మీద పడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది.

ఆ భయం మీద కూడా ట్రయల్స్ జరిగాయి. 2004లో 361 మందితో చేసినదాంట్లో లెవోడోపా తీసుకున్నవాళ్ళు, మందు ఆపి రెండు వారాలు గడిచాక కూడా, మందు లేని ఉత్తి గోలీ తీసుకున్నవాళ్ళకంటే మెరుగ్గానే ఉన్నారు. 2019లో నెదర్లాండ్స్‌లో 445 మందితో చేసినదాంట్లో ముందు మొదలుపెట్టినవాళ్ళకీ, నలభై వారాలు ఆగి మొదలుపెట్టినవాళ్ళకీ చివరికి తేడా లేదు. అంటే లెవోడోపా జబ్బుని ఆపదు, పెంచదు. మనిషిని మనిషిలా నడవనిస్తుంది. దాన్ని డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళు బిగుసుకుపోయి, జ్వరం ఎక్కి, ప్రాణం మీదికి రావచ్చు. మేం ఒక్క పూటే మానడం నాన్న అదృష్టం.

ఆ మందు మనకి మరీ పరాయిది కూడా కాదనుకోండి. మహేంద్రగిరి వైపు పొదల్లో దూలగొండి కాయ ఉంటుంది, నూగు తగిలితే రోజంతా దురద. దాని గింజల నుంచి ఎల్-డోపాని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి మారింది 1936 ఏప్రిల్ 1న, దానికి ఒక్క ఏడాది ముందు. అలాగని గింజల పొడి కొనుక్కోమని నేను అనను. ఏ గింజలో ఎంత ఉందో చూసుకోలేం. గోలీలో ఎంత ఉందో చీటీ మీద రాసి ఉంటుంది, దాంతోపాటు ఉన్న కార్బిడోపా మందు దారిలోనే ఖర్చైపోకుండా చూస్తుంది.

ఇప్పుడు నాన్న గోలీ అన్నానికి అరగంట ముందు వేసుకుంటారు, పప్పు, గుడ్డు ప్రోటీన్ దానికి అడ్డం పడకుండా. గుమ్మాల దగ్గర నేల మీద రంగు టేపు అంటించాం, గీత కనిపిస్తే అడుగు దాటుతుంది. పొద్దున్నే మహేంద్రతనయ నది వైపు చెమట పట్టేదాకా నడుస్తారు. వ్యాయామం ఊరికే కాలక్షేపం కాదు. 2018లో 128 మంది కొత్త రోగులతో చేసిన ట్రయల్‌లో ట్రెడ్‌మిల్ మీద గట్టిగా నడిచినవాళ్ళకి ఆరు నెలల్లో లక్షణాలు తక్కువ ముదిరాయి. క్యాప్సూల్ డబ్బుతో మంచి బూట్లు కొన్నాం.

కాబట్టి ఆక్సిడేటివ్ స్ట్రెస్ గురించి మాట్లాడవద్దు అనడం లేదు. మందుల షాపు దగ్గర కాకుండా పొలం గట్టు మీద మాట్లాడమంటున్నాను. మన జీడితోటల్లో, గట్ల మీద, అరటితోటల్లో కొట్టే గడ్డి మందుల్లో పారాక్వాట్ ఒకటి. అది మొక్కని ఎలా చంపుతుందో తెలుసా? ఎలక్ట్రాన్‌ని లాక్కుని ఆక్సిజన్‌కి ఇస్తుంది, మళ్ళీ లాక్కుంటుంది, మళ్ళీ ఇస్తుంది. సూపర్ ఆక్సైడ్ పుట్టించడమే దాని పని. దాని అణువు ఆకారం, ఎంపీటీపీ మెదడులో మారి అయ్యే పదార్థానికి దగ్గర చుట్టంలా ఉంటుంది. అమెరికాలో పురుగుమందులు కొట్టేవాళ్ళ మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో పారాక్వాట్ వాడినవాళ్ళలో పార్కిన్సన్స్ దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ కనిపించింది. ఫలానా మనిషికి ఇందువల్లే వచ్చిందని వేలెత్తి చూపించే పరీక్ష లేదు. కానీ యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి దాని అమ్మకం లేదు. ఇక్కడ ఉంది. వీపున కట్టుకున్న ట్యాంకు కారుతుంటే, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటే, చేతికి తొడుగు లేకుండా రోజు కూలికి కొడుతున్న కుర్రాళ్ళని నేను స్కూలుకి వెళ్ళేదారిలో చూస్తాను. వాళ్ళలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే.

ఆక్సిజన్ నరాల్ని కొరుకుతుందని నమ్మేవాళ్ళు ఆ ట్యాంకు కదా ముందు దించాలి. యాభై ఏళ్ళు దాటి, సగం కణాలు పోయి, చెయ్యి వణికాక క్యాప్సూల్ కొనిపించడం కాదు. నేను మా స్కూలు పిల్లలకి ఆ డబ్బా మీద విషం ఎంతో చెప్పే రంగు త్రిభుజం గుర్తు చదవడం నేర్పుతున్నాను, మీ నాన్న కొడితే తొడుగులు లేకుండా కొట్టనివ్వకండి, అసలు ఇది మానేసి కలుపు కోసే మార్గం ఉందా అడగండి అని చెబుతున్నాను. ఒక తండ్రి వచ్చి నాతో గొడవపడ్డాడు. కలుపు కూలి ఎవరిస్తారండీ మీరా అన్నాడు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆ కూలి డబ్బు గురించి కూడా ప్రభుత్వాలు మాట్లాడాలి, నిషేధం ఒక్కటే అంటే ఆయన గట్టు అలాగే ఉంటుంది.

పోయిన వారం సాయంత్రం మా పెరటి గోడ అవతల ఖాళీ స్థలంలో ఎవరో మందు కొడుతున్నారు. నేను వెళ్ళి డబ్బా చూశాను. పారాక్వాట్ డైక్లోరైడ్, 24 శాతం. కొట్టేవాడికి ముక్కుకి గుడ్డ కూడా లేదు. ఇంట్లోంచి పాత తువ్వాలు, అంట్లు తోమే రబ్బరు తొడుగులు తెచ్చి ఇచ్చాను. తిరిగి వచ్చేసరికి నాన్న వరండాలో కుర్చీలో ముందుకి వంగి కూర్చుని ఉన్నారు.

"ఏటి కొడతన్నాడమ్మా?"

"గడ్డి మందు నాన్నా."

"వాసన వస్తాందా?"

వస్తోందన్నాను. ఆయన కాసేపు ముక్కు ఎగబీల్చి చూశారు. ఒకప్పుడు తవుడు పట్టుకున్నప్పుడు చూసినట్టే, కళ్ళు సగం మూసుకుని.

"తలుపెయ్యమ్మా" అన్నారు. "ఆ గుంటడికి కూడా సెప్పు, గాలికి ఎదురుగా నిలబడద్దని."